అతిమానుష ప్రణయ నవల: ఆకర్షణ, విమర్శ

స్టెఫనీ మేయర్ నవల ‘ట్వైలైట్’ (2005)లో పదిహేడేళ్ల బెల్లా రక్తపిశాచి అయిన ఎడ్వర్డ్‌ను ప్రేమిస్తుంది. అతనికి ఆమె రక్తం మీద దాహం ఉంది, ఆమె మీద ప్రేమా ఉంది. అందుకే తనను తాను నిగ్రహించుకుంటాడు. తొలి ప్రేమలో కలిగే కోరిక, భయం ఈ నిగ్రహంలో కథారూపం పొందాయి. యువ పాఠకులను ఆకట్టుకున్నది ఇదే.

మనుషులకు, మానవేతరులకు మధ్య ప్రణయం తెలుగు ప్రబంధానికి కొత్త కాదు. గద్వాల, వనపర్తి సంస్థానాలు కవులను ఆదరించాయి. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికా పరిణయం’ అనే ప్రబంధం రచించాడు. ప్రబంధాలలో ప్రసిద్ధమైన పెద్దన ‘మనుచరిత్ర’ను చూడండి. అందులో అప్సరస వరూధిని మనిషి అయిన ప్రవరుణ్ణి కోరుతుంది. ఇక్కడ నిగ్రహం మనిషిది. తరువాత ఒక గంధర్వుడు ప్రవరుని రూపంలో వచ్చి ఆమెను చేరుతాడు. అది మాయ అని పాఠకునికి తెలుసు, వరూధినికి తెలియదు.

ఎడ్వర్డ్ కూడా బెల్లాకు తెలియకుండా రాత్రివేళ ఆమె గదిలోకి వచ్చి, నిద్రిస్తున్న ఆమెను చూస్తుంటాడు. నవల దీన్ని ప్రేమగానే చిత్రిస్తుంది. నవల మీకు నచ్చవచ్చు, అందులో తప్పు లేదు. అయితే ‘ఆమె సమ్మతి ఎక్కడ?’ అని అడిగినప్పుడే మీ పఠనం విమర్శగా మారుతుంది. ఈ రెండు సన్నివేశాలను పోల్చి, మీ అభిప్రాయాన్ని సొంత మాటల్లో రాయండి.