కాలం నోట సాయిబు మాట

భారతం మాది కాదని చిన్నప్పుడు మాకెవరూ చెప్పలేదు. కోనసీమ బళ్లో నన్నయ పద్యాలు మేమూ బట్టీపట్టాం. రాజమహేంద్రవరంలో పుట్టిన తెలుగు భారతం, అదే గోదారి నీళ్లు తాగే సాయిబుల పిల్లలకి పరాయిది ఎలా అవుతుంది?

1988 అక్టోబర్ 2న దూరదర్శన్‌లో బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’ మొదలైంది. 94 భాగాలు. ఆదివారం పొద్దున్నే అమలాపురంలో టీవీ ఉన్న ఇంటి వసారా నిండిపోయేది. మమ్మల్ని పిలిచి ముందు కూర్చోబెట్టేవాళ్లు. ‘‘ఏవంటన్నాడ్రా? మీ తురకమే గదా!’’ అని అడిగేవాళ్లు. అది మా తురకం కాదు. మా అమ్మీ మాట్లాడే ఉర్దూ అందులో ఎక్కడో గాని వినపడదు. ప్రతిజ్ఞ, సింహాసనం, వచనం — మాకు తెలిసింది బళ్లో చదివిన తెలుగు వల్లే. మా తెలుగుతో వాళ్లకి హిందీ చెప్పాం.

ఆ మాటలు రాసినాయన రాహీ మాసూమ్ రజా. గాజీపూర్ జిల్లా గంగౌలీలో షియా కుటుంబంలో పుట్టిన ఉర్దూ కవి. దేశ విభజన తన ఊరి ముస్లింల బతుకుల్ని ఎలా కుదిపిందో 1966లో ‘ఆధా గావ్’ నవలగా రాశాడు. భారతం ముస్లిం రాయడమేమిటని అభ్యంతరాలొచ్చాయి. గంగని తల్లి అని చెప్పుకున్న మనిషి, రాశాడు. పితాశ్రీ, మాతాశ్రీ అన్న పిలుపుల్లో ఉన్నది మన అబ్బాజాన్, అమ్మీజాన్ల మర్యాదే అంటారు.

పుస్తకానికీ సీరియల్‌కీ అసలు తేడా కథ చెప్పేవాడి దగ్గరుంది. పుస్తకంలో వైశంపాయనుడు జనమేజయుడికి చెబుతాడు. ఆ కథనే సూతుడు నైమిశారణ్యంలో శౌనకాది మునులకి చెబుతాడు. వినేవాడు మధ్యలో ఆపి అడుగుతాడు, చెప్పేవాడు జవాబిస్తాడు. రజా వీళ్లని పక్కనపెట్టి ‘సమయ్’ని, అంటే కాలాన్ని తెచ్చాడు. హరీశ్ భిమానీ గొంతు దానికి ప్రాణం పోసింది. కులం, మతం లేని కథకుడు దొరికాడు. అది రజా గొప్ప ఊహ. కానీ కాలాన్ని ఎవరు ఆపి అడుగుతారు? జనమేజయుడు పోయి, నోరెత్తని ప్రేక్షకుడు మిగిలాడు. మయసభ ఘట్టంలో గుడ్డివాడి కొడుకూ గుడ్డివాడేనన్న ఎగతాళిని ద్రౌపది నోట పెట్టారు. వ్యాసుడి సభాపర్వంలో ఆమె ఆ మాట అనదు. ఎవరడిగారు? తెరమీద పడిందే వేదమైపోయింది.

సీరియల్ 1990 జూన్ 24న అయిపోయింది. సెప్టెంబర్ 25న సోమనాథ్ నుంచి రథయాత్ర కదిలింది. ఆ బండి మాకు టీవీ రథంలాగే కనబడింది. 1992 మార్చిలో రజా పోయాడు. డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలింది. భారతానికి మమ్మల్ని అర్థం అడిగినవాళ్లే, మీరెటువైపని అడిగారు. వాళ్ల చేత ఏడ్చించిన భీష్ముడి మాటలు ఓ సాయిబు రాసినవని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాం.

2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేస్తే మా పిల్లలూ చూశారు. వాళ్లకి రెండే మాటలు చెప్పాం. పేర్లు పడేటప్పుడు లేచిపోకండి, సంభాషణలు ఎవరివో చదవండి. తర్వాత పుస్తకం తెరిచి, జనమేజయుడిలా అడ్డుతగిలి అడగండి.