రెండో బయాస్ చిప్పు, ఒక్క కాలు

కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే ప్రాసెసర్ మొదట చదివే ఆదేశాలు మదర్‌బోర్డు మీద, చాలా బోర్డుల్లో ఎనిమిది కాళ్ల చిన్న ఫ్లాష్ చిప్పులో ఉంటాయి; బయాస్ అనే ఈ ప్రారంభ ప్రోగ్రామును తిరగరాస్తుండగా కరెంటు పోతే, దాన్ని మళ్లీ రాసుకునే దారి కూడా దానితోనే చెరిగిపోయి బోర్డు మూగబోతుంది. 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ వైరస్ కొన్ని రకాల బోర్డుల మీద ఇదే నష్టాన్ని పనిగట్టుకుని కలిగించింది. గిగాబైట్ సంస్థ డ్యూయల్ బయాస్ పేరుతో రెండు చిప్పుల బోర్డులు చేసింది గానీ, అది లేని బోర్డుకు రెండో చిప్పును చేత్తోనే అమర్చుకోవాలి.

ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకోషెడ్డు నడిచిన బిట్రగుంట బోగోలు మండలంలోనిదే కనుక, ఆ మండలం వారికి ఈ అమరికలోని కిటుకును రైలు పాయింట్లతో చెబితే చాలు: లైన్లు రెండున్నా, పాయింటు ఎటు వేస్తే బండి అటే పోతుంది. కొత్త చిప్పును పాతదాని మీద పేర్చి ఏడు కాళ్లను ఏడు కాళ్లకు సోల్డర్ చేసి, చిప్ సెలెక్ట్ అనే మొదటి కాలును మాత్రం రెండింటిలోనూ పైకి లేపి, బోర్డు నుంచి వచ్చే ఆ సంకేతాన్ని స్విచ్చు ద్వారా ఏదో ఒకదానికే అందిస్తారు. ఆ కాలి వద్ద వోల్టేజి తగ్గినప్పుడే చిప్పు స్పందిస్తుంది కాబట్టి, ఎంపిక కాని చిప్పు కాలును ఊరికే వదిలేయక, సుమారు 10 కిలో ఓముల రెసిస్టర్‌తో సరఫరా వోల్టేజికి కలపాలి. చూడటానికి అప్రధానమనిపించే ఈ రెసిస్టరే పనితనానికి అసలు పరీక్ష, ఎందుకంటే అది లేకపోతే రెండు చిప్పులూ ఒకేసారి బదులివ్వబోయి బోర్డు ఒకసారి లేచి మరొకసారి లేవదు. సరఫరా 3.3 వోల్టులా, 1.8 వోల్టులా అన్నది ముందే చూసుకోవాలి. జువ్వలదిన్నె వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలోనైతే అతుకుల మీది ఫ్లక్సు జిడ్డును తుడవడం కూడా పనిలో భాగమే.

రెండో చిప్పులోకి తయారీదారు ఇచ్చే ఫైలు కన్నా, ప్రోగ్రామర్ పరికరంతో పాత చిప్పు నుంచి చదివిన ప్రతిని ఎక్కించడం మేలు. నెట్‌వర్క్ చిరునామా, సీరియల్ నంబరు వంటి ఆ బోర్డుకే చెందిన వివరాలు చాలాసార్లు అందులోనే ఉంటాయి. స్విచ్చును కంప్యూటర్ ఆపి ఉన్నప్పుడే మార్చాలన్న నియమానికి పాత బోర్డుల్లో ఒక మినహాయింపు ఉంది: మంచి చిప్పుతో లేచి, బయాస్ ర్యామ్‌లోకి చేరాక స్విచ్చు తిప్పి, చెడిన చిప్పును అక్కడే తిరిగి రాయవచ్చు. మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఉన్న ఇంటెల్ బోర్డుల్లో మాత్రం ఆ ఇంజిన్ నడుస్తున్నంతసేపూ అదే ఫ్లాష్‌ను చదవబోవచ్చు కనుక, ఈ సౌకర్యాన్ని నమ్ముకోకుండా చెడిన చిప్పును బయటి ప్రోగ్రామర్‌తోనే రాయడం మంచిది.