బొగ్గు గీత, కసిమి గీత

శ్రీకాళహస్తి కలంకారీలో బట్ట మీద పడే మొదటి గీత నలుపే, చివరిదాకా మిగిలే గీతా నలుపే. కానీ రెండూ ఒకటి కావు. మొదటిది చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీసిన చిత్తు. దులిపితే రాలుతుంది, జాడిస్తే పోతుంది. రెండోది కసిమి అనే ఇనుప ద్రావకంతో గీసింది. సలసల కాగే రంగునీళ్లలో ఉడికించినా, పారే నీటిలో ఎంతసేపు జాడించినా చెక్కుచెదరదు.

భౌతిక మార్పు, రసాయన మార్పు అంటూ బడిలో చదువుకున్న పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. నిజానికి బొగ్గు చాలా గట్టి పదార్థం. ఎండకు వెలవదు, వానకు కుళ్లదు. అయినా బట్టను పట్టుకోలేదు, ఎందుకంటే అది నూలుపోగు మీద ఊరికే కూర్చుంది, పోగుతో దానికి సంబంధం ఏర్పడలేదు. కసిమి గీతలో మాత్రం అంతకుముందు లేని కొత్త పదార్థం పోగుల్లోనే పుట్టింది. కలంకారీ నేర్పు అంతా ఈ పుట్టుకను సరైన చోట జరిపించడంలోనే ఉంది.

పని గాడా బట్టతో మొదలవుతుంది. గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి ఎండలో ఆరేస్తారు. కరక్కాయ దేనికో, పాలు దేనికో విడివిడిగా చూడాలి. కరక్కాయలో టానిన్లు దండిగా ఉంటాయి. నాలుకకు వగరుగా తగిలేది అవే. అవి పోగుల్లోకి ఇంకి, రాబోయే ఇనుము కోసం కాచుకుని ఉంటాయి. పాల పని వేరు. ఉత్త నూలుబట్ట మీద సిరాచుక్క వేస్తే ఏమవుతుందో తెలిసిందే, పోగుల సందుల వెంట పాకి పాకి మరకవుతుంది. దీపం వత్తిలో నూనె ఎక్కేదీ ఇలాగే. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు ఆ సందుల్లో పేరుకుంటే పాకుడు తగ్గి, గీత గీసిన చోటే నిలుస్తుంది. చూడబోతే పాలకూ రంగుకూ పొత్తు లేదు. కానీ పాలు పట్టించకపోతే అమ్మవారి కనుబొమ కాస్తా బుగ్గ మీదికి పాకుతుంది.

వత్తిలో నూనె ఎక్కే ఆ సూత్రం మీదే కలం కూడా పనిచేస్తుంది. వెదురుపుల్ల మొన చెక్కి, కాస్త పైన ఉన్నిగానీ గుడ్డపేలికగానీ చుట్టి, దారంతో బిగిస్తారు. ఆ చుట్టే సిరాబుడ్డి. ద్రావకాన్ని పీల్చుకుని, వేలితో నొక్కినప్పుడు కావలసినంతే మొనకు దింపుతుంది. ఎంత నొక్కాలో వేళ్లకు తెలియడానికే ఏళ్లు పడుతుంది.

ఇక కసిమి. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూతపెట్టి రెండు మూడు వారాలు పులియనిస్తారు. బెల్లంలోని చక్కెర పులిసి ఆమ్లాలవుతుంది, ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. బెల్లం నీళ్లలో కరగడం భౌతిక మార్పు, నీళ్లను ఆవిరి చేస్తే బెల్లం మళ్లీ దొరుకుతుంది. ఇనుము ఈ పులుసులో కరగడం అలాంటిది కాదు. కుండను ఎంత ఎండబెట్టినా ఆ ఇనుము మళ్లీ ఇనుముగా రాదు. విచిత్రమేమంటే కుండలోని కసిమి నల్లగా ఉండదు. కరక్కాయ పట్టించిన బట్టను తాకినప్పుడే ఇనుము, టానిన్ కలిసి నలుపవుతాయి. గాలి తగిలినకొద్దీ, గీత ఆరినకొద్దీ ఆ నలుపు చిక్కబడుతుంది. కసిమి సిద్ధమైందో లేదో కుండలోకి తొంగిచూస్తే తెలియదు, కరక్కాయ బట్ట మీద చుక్క వేసి చూడాలి. ప్రయోగశాలలో చేసే పరీక్షకూ దీనికీ తేడా లేదు.

ఎరుపు కథ నాకు ఇంకా ఇష్టం. ఎరుపు కావలసిన చోట కలంతో పూసేది ఎర్రరంగు కాదు, పటిక నీళ్లు. అంటే పనివారు రాబోయే ఎరుపును ముందే మనసులో చూసుకుంటూ పూస్తారు. పూసి ఆరబెట్టాక బట్టను పారే నీటిలో జాడించాలి. నిలవనీరు పనికిరాదు. వదిలిన పటిక అదే నీటిలో తిరిగి మరో చోట పట్టుకుంటే, అక్కడా ఎరుపెక్కి బొమ్మ పాడవుతుంది. ఈ పనికి శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖిలాంటి ఏరు ఎందుకు కావాలో ఇక్కడ అర్థమవుతుంది. తర్వాత మంజిష్ఠ వేరు, సురుడుచెక్క, చవలకోడి వంటివి వేసిన నీళ్లలో బట్ట మొత్తాన్నీ ఉడికిస్తారు. పటిక ఉన్న చోట ఎరుపు పాతుకుంటుంది. లేని చోట పట్టిన పలచని ఛాయను పేడనీళ్లలో నానబెట్టి, ఎండలో తడుపుతూ ఆరేసి పోగొడతారు. పటికలోని అల్యూమినియం ఒక చేత్తో పోగును, ఇంకో చేత్తో రంగును పట్టుకుంటుంది. నీటిలో సున్నం ఉంటే ఎరుపు ఇంకా తేటపడుతుంది. ఏ ఊరి నీళ్లలో ఉడికిందన్నది రంగులో కనబడుతుందనే పాతమాటకు ఆధారం ఉంది.

పూర్వం కోరమండల్ తీరంలో ఈ ఎరుపుకు చిరివేరు వాడేవారు. అందులోని రంగు పదార్థం అలిజరిన్. ఈ తీరపు అద్దకాల కోసం డచ్చి, ఇంగ్లిషు వర్తకులు మచిలీపట్నంలో కాపురం పెట్టారు. సరుకు యూరప్‌ను ఎంతగా ముంచెత్తిందంటే ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించి, 1759 దాకా ఆ నిషేధాన్ని ఎత్తివేయలేదు. ఫ్రెంచి పాదిరీ కూర్దూ 1742లో ఇక్కడి పనితనాన్ని అంచెలంచెలుగా వివరిస్తూ స్వదేశానికి ఉత్తరం రాశాడు. ఆయనే తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. ఉతికినా రంగు పోని నూలుబట్ట వాళ్లకు అంత వింత. 1868లో గ్రేబ్, లీబర్‌మన్ అనే జర్మన్ రసాయనవేత్తలు అలిజరిన్‌ను కృత్రిమంగా తయారుచేశాక చిరివేరు సాగుకు కాలం చెల్లింది.

నీలిది మరో దారి. నీలిముద్ద నీటిలో కరగదు. కుండలో పులియబెట్టి ప్రాణవాయువును లాగేస్తే పసుపుపచ్చగా మారి కరుగుతుంది. అందులో ముంచిన బట్ట పచ్చగా పైకొచ్చి, గాలి తగిలిన కాసేపటికే నీలమవుతుంది. రసాయన మార్పు వెనక్కి మళ్లదని వల్లెవేసిన పిల్లలకు నీలికుండ ఒక్కసారి చూపాలని నా కోరిక, అందులో నీలి వెళ్లి మళ్లీ వస్తుంది. ఇక పోగుతో నీలికి రసాయన బంధమేమీ ఉండదు. కరిగి లోపలికి దూరి, అక్కడ మళ్లీ కరగనిదై చిక్కుకుపోతుంది. గాలి తగిలితే మారిపోయే ఈ రంగును కలంతో పూయడం కష్టం కనుక, పూర్వం నీలి అక్కర్లేని మేరంతా తేనెమైనం పూసి బట్టను ముంచేవారు. మైనం 62-65 డిగ్రీల వేడికి కరుగుతుంది, వేడినీళ్లలో వేస్తే ఊడివస్తుంది. అడ్డుగా నిలిచి తప్పుకోవడమే దాని పని.

ఈ మార్పులు బట్ట అమ్ముడయ్యాక ఆగవు. మ్యూజియాల్లో ఉన్న పాత కోరమండల్ అద్దకాల్లో ఆకులు చాలాచోట్ల నీలంగా కనబడతాయి. చిత్రకారుడు వేసింది ఆకుపచ్చే, నీలి మీద పసుపు పూసి తెప్పించినది. వెలుతురుకు పసుపు విరిగిపోయి నీలి మిగిలింది. నల్లగీతల వెంట కొన్నిచోట్ల గుడ్డ చివికి ఊడిపోయింది. గీతను నిలబెట్టిన ఇనుమే ఏళ్లు గడిచేకొద్దీ పోగును తింటుంది. మనవాళ్లు ఇది సరిగా తెలుసుకోవాలి. సహజరంగు అంటే శాశ్వతమని అమ్మడం సరికాదు, ఎరుపూ నీలమూ నిలిచినంతగా పసుపు నిలవదు.

1950ల చివర శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. 2005లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2008లో కలంకారీ కళాకారులు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. అన్నీ న్యాయమైనవే. అయితే మెచ్చుకున్నప్పుడల్లా మనం బొమ్మనే మెచ్చుకుంటాం, రామపట్టాభిషేకంలో మొహాల తీరునే చూస్తాం. కసిమి పులిసిందని వాసనతో పసిగట్టే ముక్కు, పటిక పాళ్లు నాలుకతో తేల్చే అనుభవం మన లెక్కలోకి రావు. తెరఅచ్చు మీద అవే నెమళ్లు, అవే తీగలు వేసి, జిగురు కలిపిన రంగు అద్దిన చీరను కలంకారీ పేరుతో ఎంతో తక్కువ ధరకు ఇస్తున్నప్పుడు మనం తేడా పట్టలేకపోవడానికి కారణం అదే. అక్కడ రంగు బట్ట మీద అతుక్కుంది, ఇక్కడ బట్టలో పుట్టింది.

దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. రెండు తుప్పుమేకులను బెల్లంనీళ్లలో వేసి మూడు వారాలు మరిచిపోండి. కరక్కాయ పొడి మరిగించిన నీళ్లలో తెల్ల నూలుగుడ్డ ముంచి ఎండలో ఆరేయండి. పక్కన పిల్లలను కూర్చోబెట్టుకుని, పుల్లతో ఒక చుక్క వేయండి. పడిన చుక్క ఇంకుతూ ఇంకుతూనే బూడిదరంగుకు తిరుగుతుంది, ఆరేలోపు నల్లబడుతుంది. పక్కనే బొగ్గుతో ఒక చుక్క పెట్టి, రెండింటినీ కుళాయి కింద పట్టండి.