సున్నపురాయి మీద బొమ్మ

ఆవర్తన పట్టికలో మూలకాలు 118. వాటినే వస్తువుగా తీసుకుని ప్రింట్లు వేసే కళాకారులు దేశదేశాల్లో ఉన్నారు. పల్నాటి మనిషి అందులోంచి ఒకటే ఎంచుకోవాలంటే ఆలోచించే పని లేదు. ఇరవయ్యోది, కాల్షియం. మాచర్ల నాపరాయి, పిడుగురాళ్ల సున్నం, సిమెంటు ఫ్యాక్టరీలు, ఆఖరికి నాగార్జునకొండ శిల్పాలు, అన్నీ దాని చలవే.

తీరిక దొరికితే లినోలియం చెక్కి ప్రింట్లు తీసుకునే నాకు అసలు ఆశ మాత్రం లిథోగ్రఫీ మీదే. సున్నపురాయే అందులో అచ్చు. ఈ ముద్రణ పద్ధతిని 1796 ప్రాంతంలో జర్మనీలో సెనెఫెల్డర్ అనే ఆయన కనిపెట్టాడు. నున్నగా అరగదీసిన రాతి మీద జిడ్డు క్రేయాన్‌తో గీస్తారు. తుమ్మజిగురులో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపి పూస్తారు. గీత లేనిచోట సన్నని నురగ లేస్తుంది. తర్వాత రాయి తడిపి రోలర్ దొర్లిస్తే తడి ఉన్నచోట సిరా అంటదు, జిడ్డున్నచోటే పట్టుకుంటుంది. కాగితం పరిచి ప్రెస్సులో లాగితే బొమ్మ కుడిఎడమలై వస్తుంది.

ఆ నురగ కార్బన్ డయాక్సైడ్. పిడుగురాళ్లలో రాయినీ బొగ్గునూ కలిపి పేర్చి, తొమ్మిది వందల డిగ్రీల పైచిలుకు వేడిలో కాల్చినప్పుడు పోయేదీ అదే. శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే సున్నం 56 కిలోలే, మిగతా 44 కిలోలు గాలిపాలు. గోడకు కొట్టిన వెల్ల ఆ వాయువును మళ్లీ పీల్చుకుని గట్టిపడుతుంది, నిజమే. బొగ్గు పొగను వెనక్కి తెచ్చేవాళ్లెవరు?

లిథో రాయి ఒక్క బొమ్మతో అయిపోదు. ప్రతులు తీశాక రాపిడి పొడి, నీళ్లు పోసి రుద్దితే పాత గీత పోతుంది, అదే రాతి మీద కొత్త బొమ్మ వేసుకోవచ్చు. కాల్చిన రాయికి ఆ అవకాశం లేదు.

చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి (1925-2018) పారిస్‌లో రంగుల జిగట తేడాలను వాడుకుని, ఒకే లోహపు ఫలకం నుంచి ఒకే దెబ్బకు పలు రంగుల ప్రింట్లు తీశాడు. ప్రింటు కళలో ప్రపంచం గుర్తించిన తెలుగువాడు. ఆయన లోహంతో చేసిన పని మనం రాయితో ఎందుకు చేయకూడదు?

లలితకళలు నేర్పే విశ్వవిద్యాలయాలకు నా మనవి ఒకటే. మాచర్ల పాలిషింగ్ యూనిట్ల దగ్గర పారేసిన ముక్కల్లో చారలు, పగుళ్లు లేనివి ఏరి, లిథోకు పనికొస్తాయేమో పరీక్షించండి. పనికొస్తే నరసరావుపేటలో ఒక ప్రెస్సు పెట్టండి. మొదటి బొమ్మగా సున్నపు బట్టీనే గీయించండి.