ఫొటో పేపర్‌కు ఫ్రిజ్‌లో చోటు

ఇంట్లో డార్క్‌రూమ్ పెట్టుకున్నవాళ్లు ఫొటో పేపర్‌కు వెలుతురు తగలకుండా పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు. కిటికీకి నల్లగుడ్డ, తలుపు సందుకు టేపు, పెట్టెలో పెట్టె. అవన్నీ అవసరమే. అయినా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లలో పేపర్‌కు అసలు గండం ఎండాకాలపు వేడి అంటాను. కంపెనీ ఇచ్చే నల్ల కవరు వెలుతురును ఆపుతుంది, వేడిని ఆపలేదు. పేపర్ మీది పూత, అంటే ఎమల్షన్‌లోని వెండి లవణాలు చీకట్లో ఉన్నా వేడికి మెల్లగా మారిపోతాయి. అలాంటి పేపర్‌ను డెవలపర్‌లో వేస్తే, కాంతి పడని చోట కూడా బూడిదరంగు తేలుతుంది. అదే ఫాగ్. ఫిల్ముకు కాస్త ఫాగ్ వచ్చినా ప్రింటు వేసేటప్పుడు సర్దుకోవచ్చు. పేపర్ విషయంలో ఆ వీలు లేదు, ఫొటోలోని తెలుపంతా ఆ కాగితపు తెలుపే. పేపర్‌ను 20 డిగ్రీల దరిదాపుల్లో, లేదా అంతకన్నా చల్లగా ఉంచాలి. మే నెలలో జగిత్యాల ఎండ 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు, స్లాబు కింది అటక రాత్రికి కూడా చల్లబడదు. ‘ఇందు’ పేపర్ తయారుచేసిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ 1960లో ఏర్పడి, 1967లో ఊటీలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ కొండల చల్లదనంలో పుట్టిన సరుకు మన ఎండలకు వచ్చేది. అందుకే పేపర్‌ను ఫ్రిజ్‌లో పెట్టాలంటాను.

వెనకటి స్టూడియోలవాళ్లు బీరువాలోనే పెట్టుకున్నారు కదా అని అడగొచ్చు. గల్ఫ్ పోయేవాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు రోజూ కడిగే చోట పెట్టె నిలువ ఉండేది తక్కువ. ఇష్టం కొద్దీ ఆదివారాలు ప్రింట్లు వేసేవారికి ఒక్క పెట్టె రెండు ఎండాకాలాలు చూస్తుంది. పైగా బట్టల బీరువాలో నాఫ్తలిన్ ఉండలుంటాయి, వాటి ఆవిరి కూడా ఎమల్షన్‌కు మంచిది కాదు. ఫ్రిజ్‌లో చెమ్మ ఉంటుందన్న భయం న్యాయమైనదే. అందుకే నల్ల కవరును గాలి చొరని సంచిలో మూసి పెట్టాలి. వాడే ముందు రాత్రే బయటపెట్టి, గది వేడికి వచ్చాకే తెరవాలి. చల్లగా ఉండగానే తెరిస్తే నీటి బిందువులు కడతాయి. తినే వస్తువుల పక్కన ఇదేమిటని ఇంట్లోవాళ్లు అంటే, మూసిన పేపర్‌తో ప్రమాదం లేదని చెప్పండి. డెవలపర్, ఫిక్సర్ సీసాలను మాత్రం ఎన్నడూ అందులో పెట్టకండి. సంచి మీద ‘తెరవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. పాడైన పేపర్‌ను బెంజోట్రయజోల్ అనే రసాయనంతో బాగుచేయొచ్చనేవారూ ఉన్నారు. ఫాగ్ కొంత తగ్గుతుంది, నిజమే, కానీ పేపర్ కాంతికి స్పందించే వేగమూ తగ్గుతుంది. పోయిన తెలుపు పూర్తిగా తిరిగి రాదు.

మీ దగ్గరున్న పాత పెట్టె సంగతి తేల్చుకోవడం తేలికే. సేఫ్‌లైట్ కూడా ఆర్పేసి రెండు ముక్కలు కత్తిరించండి. ఒకదాన్ని నేరుగా ఫిక్సర్‌లో వేయండి, రెండోదాన్ని డెవలప్ చేసి ఫిక్సర్‌లో వేయండి. ఆరాక పక్కపక్కన పెట్టి చూడండి. రెండోది మసకబారితే ఆ పెట్టె పోయినట్టే, మిగతావాటినైనా ఉగాదిలోపు ఫ్రిజ్‌లోకి చేర్చండి.