లాభం సరే, గోడౌన్ సంగతేంటి?

నష్టాల్లో కూరుకుపోయిన కంపెనీ ఒక ఏడాది లాభం చూపించిందంటే చాలు, మన మార్కెట్ జనం దానికి ‘టర్న్‌అరౌండ్’ అని పేరు పెట్టేస్తారు. షేరు మీద సలహాలు మొదలవుతాయి, యాజమాన్యానికి దండలు పడతాయి. సిమెంటు కంపెనీకో సాఫ్ట్‌వేర్ కంపెనీకో ఆ పేరు ఎంతవరకు నప్పుతుందో గానీ, తేనె అమ్మే కంపెనీ విషయంలో లాభనష్టాల పట్టిక చివరి గీత చూసి ఆ మాట అనేయడం తొందరపాటే. కోలుకుందా లేదా అన్నది దాని గోడౌన్ చెప్పాలి. ఎంత తేనె నిల్వ ఉంది, దాన్ని పుస్తకాల్లో ఏ ధరకు కట్టారు, అది డబ్బుగా మారడానికి ఎన్నాళ్లు పడుతోంది అన్నది తెలియకపోతే లాభం అంకె మనకు చెప్పేది చాలా తక్కువ. న్యూజిలాండ్ కంపెనీ కామ్‌విటా నడిచిన దారి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

అరవై దాటిన వయసులో క్లాడ్ స్ట్రాట్‌ఫోర్డ్, ఆయనతో అలన్ బూగెన్ కలిసి 1974లో ఈ కంపెనీ పెట్టారు. బే ఆఫ్ ప్లెంటీ ప్రాంతంలోని పాయెంగరోవా అనే చిన్న ఊరు దాని చిరునామా. సహజ ఆరోగ్య ఉత్పత్తులన్నీ అమ్మినా దానికి అన్నం పెట్టింది మనూకా తేనె. మనూకా పొద పూల తేనెలో మామూలు తేనెకు లేని సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉందని వైకాటో విశ్వవిద్యాలయంలో పీటర్ మోలన్ చూపించారు. ఆ గుణానికి మూలం మిథైల్‌గ్లయాక్సల్, అంటే ఎంజీఓ, అని ఆ తర్వాత జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హెన్లే బృందం తేల్చింది. (గాయం కట్టుకు పనికొచ్చే గుణం, టీలో కలుపుకుని తాగితే ఒంట్లో ఏం చేస్తుందన్నది వేరే చర్చ. ధర మాత్రం ఆ చర్చ తేలేదాకా ఆగలేదు.) 2019 జూన్‌తో ముగిసిన ఏడాదిలో కామ్‌విటాకు 2.77 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నష్టం, 2020లో మరో 97 లక్షల నష్టం. ఆ 2020లోనే కొత్త సీఈఓ వచ్చారు, వాటాల రూపంలో 5 కోట్ల డాలర్లు సేకరించారు, ఖర్చులు కోశారు, అప్పు దించారు. 2021లో 95 లక్షల డాలర్ల లాభం, 2022లో 1.28 కోట్లు. పత్రికల్లో టర్న్‌అరౌండ్ మాట మార్మోగింది. ఆ తర్వాత 2024లో 7.74 కోట్ల నష్టం వచ్చింది. 2025లో 10.48 కోట్లు. అన్నీ న్యూజిలాండ్ డాలర్లే.

మధ్యలో ఏమైందో తెలియాలంటే ఒక్క తేనె డ్రమ్ము దగ్గర ఆగాలి. పాలూ కూరగాయల్లాగా తేనె నాలుగు రోజుల్లో చెడిపోదు. మనూకా తేనె అయితే ఇంకో మెట్టు పైన: పువ్వు మకరందంలో డైహైడ్రాక్సీఅసిటోన్ అనే పదార్థం ఉంటుంది, తేనె డ్రమ్ములో ఉన్నన్నాళ్లూ అది మెల్లమెల్లగా ఎంజీఓగా మారుతూ పోతుంది. ఎంజీఓ పెరిగితే సీసా మీద వేసే అంకె పెరుగుతుంది: యూఎంఎఫ్ అనే నాణ్యత గుర్తులో ‘10+’ అనాలంటే కిలోకు కనీసం 263 మిల్లీగ్రాముల ఎంజీఓ ఉండాలి, ‘15+’ అనాలంటే 514. అంకెతోపాటే ధరా పెరుగుతుంది. అంటే ఊరికే కూర్చున్నా విలువ పెరిగే సరుకు. ఏ మేనేజరుకు అమ్మేయాలనిపిస్తుంది? కానీ అదే డ్రమ్ములో ఇంకో పదార్థం కూడా పెరుగుతూ ఉంటుంది, దాన్ని హెచ్‌ఎంఎఫ్ అంటారు. తేనె పాతబడినా వేడి తగిలినా అది ఎక్కువవుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలుగా కిలోకు 40 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇటు ఎంజీఓ ఎక్కుతుంటే అటు హెచ్‌ఎంఎఫ్ గీత దగ్గరపడుతుంటుంది. గోడౌన్ అద్దె, బీమా, అప్పు మీద వడ్డీ ఎలాగూ నడుస్తూనే ఉంటాయి. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెట్టి ధర కోసం కాచుకునే రైతుకు ఈ ఆశా ఈ భయమూ రెండూ కొత్త కాదు.

దీనికి అకౌంటింగ్ నియమం ఇంకో ముడి వేస్తుంది. సొంత జీవాల నుంచి తీసిన పంటను, తీసిన వేళ మార్కెట్ ధరకు లెక్కకట్టమంటుంది ఐఏఎస్ 41 అనే అంతర్జాతీయ ప్రమాణం. ఈ నియమం వర్తించే కంపెనీకి సొంత పెట్టెల తేనె మీద, ఒక్క సీసా అమ్మకముందే, పుస్తకాల్లో కొంత లాభం పడొచ్చు. ధర నిలబడితే ఆ లాభం నిజమే. ధర జారితే నిన్నటి లాభాన్ని ఇవాళ నష్టంగా తిరగరాయాలి. ఇందులో మోసమేమీ లేదు, నియమం అలాంటిది. చదివేవాళ్లకు ఆ సంగతి తెలియాలంతే.

ధర ఎందుకు జారింది? మనూకా బంగారమని పేరు పడగానే న్యూజిలాండ్‌లో తేనె పెట్టెలు పెట్టని వాడు పాపాత్ముడయ్యాడు. 2010లో నాలుగు లక్షల లోపున్న పెట్టెలు 2019 నాటికి 9 లక్షలు దాటాయి. ఆ ఏడాదే కామ్‌విటాకు పెద్ద నష్టం వచ్చింది గానీ అప్పట్లో వానల మీదా తక్కువ దిగుబడి మీదా తప్పు వేయడం సులువైంది. తర్వాత కొవిడ్ వచ్చింది, రోగనిరోధక శక్తి అనే మాట మీద తేనె ప్రపంచమంతా అమ్ముడుపోయింది, మిగులు నిల్వల సమస్య కాసేపు తెర వెనక్కి వెళ్లింది. 2021 లాభంలో కొత్త యాజమాన్యం వాటా ఎంత, కొవిడ్ వాటా ఎంత అని విడదీయడం కష్టం. రెండోది చిన్నదని మాత్రం నేను ఒప్పుకోను. గిరాకీ మామూలు స్థితికి రాగానే తేనె నిల్వలు నెత్తిన పెట్టుకున్న చిన్నాపెద్దా కంపెనీలన్నీ డబ్బు కోసం ధరలు కోయడం మొదలుపెట్టాయి. అసలు సరుకును గుర్తించడానికి పెట్టిన యూఎంఎఫ్ అంకే ఇక్కడ పెద్ద బ్రాండ్‌కు ఎదురు తిరిగింది. ప్రభుత్వం కూడా 2018 నుంచి నాలుగు రసాయనాలు, ఒక డీఎన్‌ఏ గుర్తుతో ఏది మనూకాయో నిర్వచించింది. నకిలీ తగ్గడానికి ఇవి మంచివే. కానీ ఇద్దరి సీసాల మీదా ‘10+’ అనే ఉంటే, షాంఘైలో కొనేవాడు రెండిటి ధరా పక్కపక్కన పెట్టి తక్కువది తీసుకుంటాడు.

అకౌంటెంట్లు ఇక్కడ ఒక మాట అడ్డుపెడతారు. 2024 నష్టంలో అధిక భాగం నగదు కాదు, ఆస్తుల విలువ తగ్గించి రాసిన కాగితపు నష్టం, వ్యాపారం ఆ ఏడాదీ 20 కోట్ల డాలర్ల అమ్మకాలు చేసింది కదా అంటారు. నిజమే, ఆ రాసివేతతో జేబులోంచి డబ్బు పోలేదు. అంతకుముందే పోయింది. తేనె కొన్నప్పుడు, పెట్టెలు పోషించినప్పుడు, 2023లో సింగపూర్‌లో హనీవరల్డ్ దుకాణాల వ్యాపారం కొన్నప్పుడు. ఆ ఖర్చును అప్పట్లో ఆస్తిగా చూపించారు కాబట్టే ఆ ఏళ్ల లాభం అంత అందంగా కనిపించింది. రాసివేత కాగితపు వ్యవహారమే అయితే, అంతకుముందు లాభంలోనూ కొంత కాగితమే ఉందని ఒప్పుకోవాలి. ఒకటి ఒప్పుకుని రెండోది కాదనడం కుదరదు.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. మనూకా పూసేది వేసవిలో కొన్ని వారాలే. ఆ వారాల్లో వాన పట్టినా ఈదురుగాలి కొట్టినా తేనెటీగ పెట్టె దాటదు, ఏడాది పంట పోతుంది. ఇలాంటి వ్యాపారాన్ని ఏటేటా లాభనష్టాలతో తూచి యాజమాన్యాన్ని నిలదీయడం అన్యాయం అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. 2020లో వచ్చినవాళ్లు చేసిన పని ఉత్తుత్తిది కాదు: ఖర్చు తగ్గించడం, అప్పు దించడం ఏ కంపెనీకైనా కావలసినవే. కాకపోతే ఆ అప్పు తీరడంలో పెద్ద చెయ్యి వాటాదారులు కొత్తగా పోసిన 5 కోట్లది. తేనె అమ్మి తీర్చిన అప్పూ, వాటాదారుల డబ్బుతో తీర్చిన అప్పూ ఒకటి కావు. ఇక వాతావరణం మాటకొస్తే, 2024లో కంపెనీని ముంచింది తక్కువ పంట కాదు, మార్కెట్లో ఎక్కువైపోయిన తేనె. పంట పోతే నష్టం, పంట పండితే ధర పోయి నష్టం అంటే ఆ తప్పు ఆకాశానిది కాదు, ఎంత సరుకు ఏ ధరకు పట్టి ఉంచాలన్న నిర్ణయానిది.

కామ్‌విటానే కాదు, మందుల దుకాణంలో తేనె, పుప్పొడి, మూలికల సీసాలు అమ్మే ఏ కంపెనీ షేరు గురించైనా ‘కోలుకుంది’ అని చెవిన పడితే, వార్షిక నివేదికలో లాభం పేజీ తర్వాత చదవండి. ముందు సరుకు నిల్వల నోట్ తీయండి. అమ్మకాలు పెరగకుండా నిల్వ పెరుగుతోందా చూడండి. ఆ పక్కనే నగదు ప్రవాహ పట్టికలో వ్యాపారం నుంచి వచ్చిన డబ్బు, లాభంతో సమానంగా నడుస్తోందో లేదో రెండుమూడేళ్లు వరసగా పోల్చండి. అప్పు తగ్గిందంటే ఎవరి డబ్బుతో తగ్గిందో అడగండి. టర్న్‌అరౌండ్ అన్న రోజుల్లో, 2021లో, కామ్‌విటా షేరు 3 డాలర్ల పైన పలికింది. 2025 ఆగస్టులో కంపెనీ మొత్తాన్ని కొంటామని వచ్చిన ప్రతిపాదనలో ఒక్కో షేరుకు కట్టిన ధర 80 సెంట్లు.