అరవై నిమిషాల విరోధాభాసం

ఒక గుండెలో ఒక రక్తనాళాన్ని 40 నిమిషాలు మూసి ఉంచారు. మరో గుండెలో అదే నాళాన్ని ముందు నాలుగుసార్లు, ఐదేసి నిమిషాల చొప్పున మూశారు. ప్రతిసారీ ఐదు నిమిషాలు వదిలారు. ఆ తర్వాత అదే 40 నిమిషాలు మూశారు. లెక్క వేసుకోండి. రెండో గుండె మొత్తం 60 నిమిషాలు రక్తానికి మొహం వాచింది. ఎక్కువ కండ చచ్చింది మాత్రం మొదటి గుండెలో. రక్తం అందక ప్రమాదంలో పడిన కండలో అక్కడ 29 శాతం పోతే, ఇక్కడ 7 శాతం పోయింది.

1986లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మరీ, రాబర్ట్ జెన్నింగ్స్, కీత్ రైమర్ కుక్కల గుండెల మీద చేసిన ప్రయోగం ఇది. పైకి పొసగనట్టు కనబడి, లోతుకు దిగాక పొసగే మాటను మన ఆలంకారికులు విరోధాభాసం అన్నారు. నాకు తెలిసిన విరోధాభాసాలలో ఇంత నిండైనది ఇంకొకటి లేదు. ఎక్కువ కష్టపడినది ఎక్కువ బతికింది. ఆ పొసగని మాటను పొసగజేసే అర్థాన్ని శాస్త్రవేత్తలు మరో మూడు దశాబ్దాలకు పైగా వెతికారు. ఇప్పటికీ ఆ వెతుకులాట ముగియలేదు.

ముందు దాని కూర్పు చూడాలి. ఐదు నిమిషాలే ఎందుకు? కుక్క గుండెకు రక్తం ఆగితే, 20 నిమిషాల లోపు మళ్లీ వదిలినప్పుడు కండ కోలుకుంటుందని జెన్నింగ్స్ ఏళ్ల తరబడి చూసి తెలుసుకున్నాడు. చావు గోడ లోపలి పొరలో మొదలై అలలాగా బయటి పొరకు పాకుతుందని రైమర్‌తో కలిసి చూపాడు. ఐదు నిమిషాల మూతకు ఏ కణమూ చావదు. కష్టం తెలుస్తుంది, అంతే. దీన్నే నేను ఔచిత్యం అంటాను. ఇంకా మెచ్చదగినది మరొకటి ఉంది. వాళ్లు అసలు మూతను మూడు గంటలకు పెంచి కూడా చూశారు. అప్పుడు రెండు గుండెలకూ తేడా లేదు. ఆ సంగతిని దాచకుండా అదే వ్యాసంలో పెట్టారు. చావును ఆపామని అనలేదు, ఆలస్యం చేశామని మాత్రమే అన్నారు. అంత పెద్ద విషయం చేతికి చిక్కాక అంత తక్కువ చెప్పడం గొప్ప నిగ్రహం. (ఈ మూడు గంటల మాటను ఛాతీనొప్పి వచ్చినవారు గట్టిగా గుర్తుంచుకోవాలి. ముందు వచ్చిన నొప్పి ఈ చిన్న మూతల్లాగా కాపాడుతుందని ఇంట్లో కూర్చుంటే ఆ కాపుదల కరిగిపోతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.)

ఆ కుక్కలను తలచుకోకుండా ఈ అందాన్ని మెచ్చుకోవడం నాకు చేతకాదు. ఈ పని కరుణలో నిలబడి అద్భుతాన్ని చూపిస్తుంది.

ఇక లోపలికి వెళ్దాం. రక్తం ఆగగానే కండ ముందు ఖర్చు తగ్గిస్తుంది. ఒక నిమిషం గడిచేలోగా ముడుచుకోవడం దాదాపు మానేస్తుంది. చేతిలో ఉన్న చిల్లర, అంటే ఫాస్ఫోక్రియాటిన్, మొదట కరుగుతుంది. తర్వాత కణానికి నేరుగా శక్తినిచ్చే ఏటీపీ తరుగుతుంది. ఈ రెండు పేర్లు వచ్చినప్పుడల్లా నాకు భీమవరం గుర్తొస్తుంది. అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో మొదటిదాన్ని, 1929లో రెండోదాన్ని కండలో కనుగొన్నాడు. గుండె ఆఖరి నిమిషాల్లో ఏ నిల్వ మీద బతుకుతుందో లోకానికి చెప్పినవారిలో ఆయన ఉన్నాడు.

ఏటీపీ విరిగి విరిగి చివరికి అడినోసిన్ అవుతుంది. అది కణం నుంచి బయటికి జారి, కణపు పైపొర మీదున్న గ్రాహకాన్ని తాకుతుంది. ఆ తాకిడి నుంచి లోపలికి రక్షణ కబురు వెళుతుంది. 1991లో జేమ్స్ డౌనీ బృందం కుందేళ్లలో ఆ గ్రాహకాన్ని మందుతో మూసింది. రక్షణ కూడా మాయమైంది. ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోతాను. పోగొట్టుకున్న దాని ముక్కే హెచ్చరికగా మారడం కంటే సొగసైన ధ్వని ఏ కావ్యంలో ఉంది?

అసలు గండం రక్తం తిరిగి వచ్చినప్పుడు ఉంది. ఊపిరాడని సమయంలో కణపు శక్తికేంద్రాలైన మైటోకాండ్రియాలో సక్సినేట్ అనే ఇంధనం పోగుపడుతుందని, ఆక్సిజన్ రాగానే అది భగ్గున మండుతుందని 2014లో కేంబ్రిడ్జ్‌లోని మైకేల్ మర్ఫీ బృందం చూపింది. మామూలుగా ముందుకు సాగే ఎలక్ట్రాన్లు అప్పుడు వెనక్కి మళ్లుతాయి. దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుని, కణాన్ని దెబ్బతీసే సూపరాక్సైడ్ పుట్టిస్తాయి. అటు కాల్షియం పొంగుతుంది. మైటోకాండ్రియా లోపలి పొరలో ఒక రంధ్రం తెరుచుకుంటుంది, కణం పోతుంది. విచిత్రం ఏమంటే, రక్తం లేనప్పుడు పేరుకున్న పులుపే, అంటే ఆమ్లమే, ఆ రంధ్రాన్ని అంతవరకూ మూసి పట్టుకుంది. రక్తం వచ్చి పులుపును కడిగేయగానే కాపలా పోయింది. కాబట్టి రక్తాన్ని వదిలే తీరు ముఖ్యం. ఎండిన కాలువకు నీళ్లు ఇచ్చేటప్పుడు లస్కరు షట్టరును ఒక్కసారిగా ఎత్తడు, గట్టు తెగకుండా కొద్దికొద్దిగా వదులుతాడు. 2003లో వింటెన్-జోహాన్సన్ బృందం కుక్కల్లో సరిగ్గా అలాగే చేసింది. గంటసేపు మూసిన నాళాన్ని తెరిచాక 30 సెకన్లు వదిలి, 30 సెకన్లు మూసి, మూడుసార్లు అలా సాగించింది. చచ్చే కండ బాగా తగ్గింది.

తర్వాత రసభంగం జరిగింది, చెప్పక తప్పదు. రోగి చేతికి బీపీ పట్టీ బిగించి వదులుతూ దూరం నుంచే గుండెను సిద్ధం చేయవచ్చని ఆశపడ్డారు. 2019లో ఐరోపాలో 5,000 మందికి పైగా గుండెపోటు రోగుల మీద జరిగిన పరీక్షలో దానివల్ల మేలు కనబడలేదు. అయినా 1986 నాటి అందం నా దృష్టిలో తగ్గలేదు. ఆసుపత్రికి వచ్చే గుండెకు వయసుంది, మధుమేహం ఉంది, అప్పటికే మింగుతున్న మందులున్నాయి.

ఆ వయసు సంగతే నన్ను ఎక్కువగా పట్టి ఉంచుతుంది. గుండె కణం దాదాపు మన ఈడుదే. అణుపరీక్షల వల్ల గాలిలో చేరిన కార్బన్-14 జాడను పట్టుకుని, 2009లో స్వీడన్‌లో యోనాస్ ఫ్రీసెన్ బృందం లెక్క కట్టింది. 25 ఏళ్ల వయసులో ఏడాదికి నూటికి ఒక కణం కొత్తది వస్తుంది. 75 ఏళ్లకు అది 0.45 శాతానికి పడిపోతుంది. సగానికి పైగా కణాలు జీవితాంతం మారవు. చిన్నప్పుడు పరుగెత్తినప్పుడు కొట్టుకున్న కణమే ముసలితనంలో మంచం మీదా కొట్టుకుంటుంది. ఆ కణం పోతే దాని చోటు మచ్చకు దక్కుతుంది.

అలాంటి కణానికి హెచ్చరిక వినబడకుండా పోతుందని ఇటలీలోని నేపుల్స్‌లో పాస్క్వాలే అబేటే బృందం 1996లో ముసలి ఎలుకల గుండెల్లో చూసింది. చిన్న మూతలు వాటిని సిద్ధం చేయలేకపోయాయి. మరుసటి ఏడాది మనుషుల్లోనూ ఆ పోలిక కనబడింది. గుండెపోటుకు ముందు వచ్చే నొప్పి మధ్యవయస్కులకు కొంత కాపుదల ఇచ్చింది, వృద్ధులకు ఇవ్వలేదు. విషాదాంతం అనుకుని పుస్తకం మూసేయవచ్చు. వాళ్లు మూయలేదు. 2000లో ముసలి ఎలుకలకు వ్యాయామం చేయించి చూస్తే ఆ శక్తి తిరిగొచ్చింది. తర్వాత తిండి తగ్గించి పెంచిన ఎలుకల్లోనూ అది నిలిచింది. 2001లో వృద్ధ రోగులను వారి రోజువారీ కదలికను బట్టి విడదీసి చూశారు. బాగా నడిచి, పని చేసుకునే వృద్ధుల్లో ముందొచ్చిన నొప్పి మళ్లీ గుండెను కాపాడుతూ కనబడింది.